మూడు బలపాల తేలిక

దస్తగిరి సాహెబు మరణవార్త మార్కాపురానికి బస్సులో వచ్చింది. యర్రగొండపాలెం నుంచి మధ్యాహ్నం వచ్చే బస్సు కండక్టరు మా హైస్కూలు గేటు ముందు బండి నిలిపించి, నేరుగా నా తరగతి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. నేను నల్లబల్ల మీద సవర్ణదీర్ఘ సంధి సూత్రం రాస్తున్నాను. "అయ్యవారూ, మన రేడియో సాయిబు కాలం చేసినాడు. పొద్దున్నే, పల్లెలో. బండి కట్టి తెస్తాండారు" అన్నాడు. ఆ మాట రెండోసారి చెప్పించుకుంటే గాని నా బుర్రకెక్కలేదు. సూత్రం సగంలో వదిలేసి బయటికి నడిచాను. చేతిలోని సుద్దముక్క సాయంత్రం దాకా నా పిడికిలిలోనే ఉందని మా ఇంటావిడ చెబితే తెలిసింది.

ఆయన పోయిన తీరు ఆయనకే తగింది. అడవి అంచున ఒక పల్లెలో పంచాయతీ రేడియో మూగపోతే బాగుచేయడానికి ముందురోజు వెళ్ళారు. తెల్లవారి దాన్ని విప్పి, తెగిన తీగ అతికి, మూసి, మీట తిప్పారు. అది పలికింది. ఊరంతా చేరి వింటున్నారు. ఆయన గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నారు. వార్తలయ్యాయి, పాటలయ్యాయి, చివరకు ఒక ముసలమ్మ "సాయిబూ, టీ తాగుతావా నాయనా" అని భుజం తట్టింది. అంతసేపూ ఆయన కూడా తమతోపాటు వింటున్నాడనే వాళ్ళు అనుకున్నారట.

ఇటువంటి వ్యాసాలలో కీర్తిశేషుల గుణగణాలను వర్ణించడం ఆచారం. దస్తగిరి సాహెబు నిష్కపటులు, నిగర్వులు, గురుముఖం లేకుండానే శాస్త్రాన్ని సాధించిన కర్మయోగి. ఈ విశేషణాలన్నీ నిజమే. కాని ఊళ్ళో ఎవరు పోయినా సంతాప సభలో ఇవే వాడి వాడి నేనే అరగదీశాను. ఇప్పుడు ఆయనకు తొడిగితే అరువు చొక్కాలా ఉంటాయి. పైగా ఈ వ్యాసం పొగడ్త కోసం రాస్తున్నది కాదు. ఆయన చేతిపని మీద మా ఊళ్ళో ఒక అపవాదు ఉంది. అది అబద్ధమని తెలిసీ ఏడేళ్ళు నోరు మెదపని మనిషిని నేను. ఆ బరువు దించుకోనిదే ఆయనకు నమస్కరించే అర్హత నాకు లేదు.

ఆయనది గిద్దలూరు దగ్గర పల్లె. యుద్ధకాలంలో సైన్యంలో చేరి, తూర్పు అడవుల్లో వైర్‌లెస్ పెట్టె వీపున మోసి, తిరిగొచ్చి మా బజారులో పలకల దుకాణాల మధ్య ఒక గది అద్దెకు తీసుకుని రేడియో దుకాణం పెట్టారు. సన్నని మనిషి. ఎడమ చెవి సరిగా వినిపించేది కాదు. రేడియో బాగుచేసే వాడికి ఒక చెవి చాలునా అని నేను ఎగతాళి చేస్తే, "రెండు చెవులుంటే బజారు గూడా ఇనపడ్తాది అయ్యవారూ, పని చెడిపోతాది" అనేవారు. మా ఇళ్ళకు మధ్య ఒకటే గోడ. ఆయన భార్య ఖాసింబీ నన్ను అన్నా అని పిలుస్తుంది. ఆయన మాత్రం ఇరవయ్యేళ్ళ పరిచయంలో అయ్యవారూ అనే పిలుపు మార్చలేదు.

ఆయన విద్యలో అన్నిటికన్న గొప్పది అతుకు. వేడి కాడతో సీసం కరిగించి రెండు తీగలను కలపడం చూడటానికి చిన్న పనే. కాని ఆయన అతికినప్పుడు ఊపిరి బిగబట్టేవారు. "అతుకు చల్లారేదాంకా చెయ్యి కదల్చగూడదు. అంతే, ఇంగ విద్యేమీ లేదు" అనేవారు. కనిగిరి నుంచి కూడా రేడియోలు బుట్టల్లో పెట్టుకుని వచ్చేవారు. ఆయన అతికిన చోట మళ్ళీ విడిందని నేను వినలేదు. ఈ సంగతి చదువరులు గుర్తుంచుకోవాలి.

కర్నూలు కొన్నాళ్ళు రాజధానిగా వెలిగి, ఆ వైభవం కాస్తా హైదరాబాదుకు తరలిపోయిన కొత్త. ఆ జిల్లావాళ్ళమే అయిన మేమంతా కొంచెం ముఖం చిన్నబుచ్చుకుని ఉన్న ఆ రోజుల్లోనే మా ఊళ్ళో ఒక జలాంతర్గామి పుట్టింది. మద్రాసు నుంచి వచ్చిన రేడియో వాల్వుల పెట్టెలో అవి పగలకుండా చుట్టిన కాగితాలు ఏదో విదేశీ పత్రికవి. పారేయబోతూ ఆయన ఒక బొమ్మ చూశారు. గట్టు మీద ఒక మనిషి చిన్న పెట్టె పట్టుకుని నిలుచున్నాడు. చెరువులో మూరెడు పడవ ఒకటి ఆ పెట్టె చెప్పినట్టు మునిగి తేలుతోంది. ఆ కాగితాలను మడత విప్పి, ఇస్త్రీ పెట్టి, అట్టకు అంటించి నా దగ్గరకు తెచ్చారు. నా ఇంగ్లీషు అంతంతమాత్రం. ఇద్దరం నిఘంటువు పెట్టుకుని నెలరోజులు కుస్తీ పట్టాం.

"సముద్రం ముఖం చూడని ఊరికి జలాంతర్గామి ఎందుకయ్యా?" అన్నాను.

"సముద్రం లేదు గాబట్టే అయ్యవారూ. ఉన్నింటే పోయి సూసొస్తా. లేదు గదా, చేసుకోవాల" అన్నారు.

రెండేళ్ళు చేశారు. పాత బిందెల ఇత్తడి రేకు కొట్టి సాపు చేసి ఒళ్ళు తయారుచేశారు. ముక్కు భాగానికి సరైన గుండ్రం దొరక్క ఖాసింబీ పుట్టింటి చెంబు అడిగారు. ఆమె మూడు రోజులు మాట్లాడలేదట, నాలుగో రోజు తోమి మరీ ఇచ్చింది. తోక దగ్గర పడవను ముందుకు నెట్టే చక్రాన్ని తిప్పే ఇరుసు చుట్టూ నీరు దూరకుండా కొవ్వులో నానిన నూలుదారం చుట్టారు. మూతకు సైకిలు ట్యూబు రబ్బరు పెట్టి పదహారు మరలు బిగించారు. గట్టు మీద ఉండేదాన్ని చెప్పే పెట్టె అనీ, పడవ లోపలిదాన్ని వినే పెట్టె అనీ పిలిచేవారు. చెప్పే పెట్టెకు ఒకటే మీట. ఒకసారి నొక్కితే పడవ ఎడమకు, రెండుసార్లకు కుడికి. మూడుసార్లకు పక్కల ఉన్న రేకు రెక్కలు వంచి మునుగుతుంది, నాలుగుకు రెక్కలెత్తి లేస్తుంది. ఐదుకు మోటారు ఆగుతుంది, మళ్ళీ ఐదుకు తిరుగుతుంది. నాకు అష్టాధ్యాయి కన్న ఇదే చిక్కుగా తోచింది.

చెప్పే పెట్టె పూర్తయిన తర్వాత కూడా చాలాకాలం ఆయన ఆ మీట నొక్కలేదు. గాలిలోకి మాట పంపడానికి సర్కారు అనుమతి కావాలని దరఖాస్తు పెట్టారు. జవాబు రావడానికి రెండు వానాకాలాలు పట్టింది. ఈ మారుమూల ఎవరు చూస్తారు, నొక్కి చూడవయ్యా అని నేనే ఊదరగొట్టాను. "నేను సిపాయిని అయ్యవారూ. అనుమతి లేకుండా గాల్లో మాట్లాడితే మా దాంట్లో మనుషులు చచ్చిపోతారు" అన్నారు. అనుమతి కాగితం వచ్చిన రోజు ముందు దాన్ని కళ్ళకద్దుకుని, ఆ తర్వాత నొక్కారు. బల్ల మీది పడవ రెక్కలు టక్కున వంగాయి. తీగ లేదు, తాడు లేదు. నేను రెండడుగులు వెనక్కి వేసిన మాట నిజం.

ఇక ఈ వ్యాసానికి పేరిచ్చిన బలపాల సంగతి. నీటిలో నిలువెడు లోతు దాటితే చెప్పే పెట్టె మాట వినే పెట్టెకు అందదు. కాబట్టి లోపల ఏది చెడినా, ఎవరి మాటా అందకపోయినా, పడవ తనంతట తాను పైకి రావాలి. అందుకని పడవ పొట్టలో, కింది చిల్లు నుంచి నీరెక్కేలా, తక్కిన లోపలికి చుక్క పోకుండా మూసిన ఒక చిన్న తొట్టి పెట్టారు. నీట వదిలిన కాసేపటికి అది నిండి, పడవ బరువు నీటి బరువుతో దాదాపు సరిసమానమవుతుంది. కాని పూర్తిగా సమానం కాకూడదు, రవ్వంత తేలిగ్గా ఉండాలి. ఆ రవ్వంతను కొలవడానికి ఆయన దగ్గర రాళ్ళు, త్రాసు లేవు. మా బడి నుంచి నేనిచ్చిన బలపాల డబ్బా ఉంది. పడవలో ఒక్కో బలపం పెట్టి, మునిగేదాకా చూసి, మూడు తీసేశారు. "మూడు బలపాల తేలిక. అంతకు మించితే మునగనంటాది, తగ్గితే లేవనంటాది" అన్నారు.

ఇంకొక కోరిక కోరారు. పడవకు నన్నే పేరు పెట్టమన్నారు. కనపడకుండా ప్రవహించే సరస్వతిని తలచుకుని అంతర్వాహిని అన్నాను. దాన్ని ఒక కాగితం మీద బడి సిరాతో ముత్యాల్లాంటి అక్షరాలతో రాయించుకుని, పడవ లోపల మూత కింద అంటించారు. పేరు బయట కదా రాయాలి అంటే నవ్వారు. "పేరుకు పేరు, సాక్షికి సాక్షి. ఏ అతుకు కారినా లోపల తేమొస్తాది, మీ సిరా చెదిరిపోతాది. అప్పుడు నా పని తప్పని నేనే ఒప్పుకుంటా" అన్నారు.

ఇప్పుడు నా పాపం చెప్పాలి. బరువు సరిచూడటానికి ఆయన పెరట్లో ఇటుకల తొట్టి కట్టారు. అది ఎండాకాలం. మా వైపు ప్రతి ఇంట్లోనూ నీళ్ళు రెండు రకాలని చదువరులకు తెలిసే ఉంటుంది. ఊరవతలి బావి నుంచి మోసుకొచ్చే మంచినీళ్ళు తాగడానికీ వంటకూ. పెరటి బావిలోని ఉప్పునీళ్ళు తక్కిన వాడకానికి. ఒక ఉదయం నేను గోడ మీదుగా చూసేసరికి నీళ్ళు మోసే ఆమె ఆ తొట్టిలో మంచినీళ్ళు పోస్తోంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"సాయిబూ! గొంతు తడుపుకోవడానికి జనం రెండు మైళ్ళు నడుస్తుంటే, నువ్వు ఇత్తడి బొమ్మకు మంచినీళ్ళతో అభిషేకం చేస్తావా? నీ పెరటి బావి ఎండిపోయిందా?" అని వీధంతా వినబడేలా కేకలేశాను.

ఆయన ముఖం ఎర్రబడింది. "నిజమే అయ్యవారూ, బుద్ధి లేకపాయె" అని, ఆమె చేత ఆ నీళ్ళన్నీ మళ్ళీ బిందెలకెత్తించి, చుట్టుపక్కల ఇళ్ళకు పంచి, తొట్టిని పెరటి బావి నీళ్ళతో నింపారు. మూడు బలపాల లెక్క తేలింది ఆ ఉప్పునీళ్ళలోనే. నేను ఒక మంచిపని చేయించానన్న సంతృప్తితో ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

వానలు పడ్డాక, తర్లుపాడు దారిలో తవ్వి వదిలేసిన పలకరాతి గని నిండింది. నాలుగు నిలువుల లోతు. చుట్టూ కత్తితో కోసినట్టు నల్లని గోడలు, మధ్యలో నిశ్చలమైన వాననీరు. పడవను వదిలేది అందులోనే. గనికూలీలు, కోమట్లు, సాయిబులు, మా బడి పిల్లలు, అందరూ గట్టెక్కి నిలుచున్నారు. నేను అరగంట ప్రారంభోపన్యాసం చేశాను. అందులో పుష్పక విమానాన్ని రెండుసార్లు తెచ్చానని మా ఇంటావిడ ఇప్పటికీ దెప్పుతుంది.

దస్తగిరి సాహెబు పడవను రెండు చేతులా ఎత్తి, పసిబిడ్డకు నీళ్ళు పోసేటప్పటిలా మెల్లగా నీటిలో వదిలారు. అది నీటిమీద ఒక చుట్టు తిరిగింది. తర్వాత మీట మూడుసార్లు చప్పుడయింది. ఇత్తడి ముక్కు వంగింది, వీపు మీదికి నీరు వచ్చింది, ఇక పడవ లేదు.  ఆ నల్లని నీటి అడుగున పచ్చని వెలుగు ఒకటి, ఖాసింబీ చెంబు వెలుగు, తనకు తోచినట్టు కాక ఆ సన్నని మనిషి బొటనవేలు చెప్పినట్టు ఎడమకు తిరిగి, కుడికి తిరిగి, మా కాళ్ళ కిందుగా సాగిపోయింది. నేను వేదం చదువుకున్నవాణ్ణి. కనపడని మాటకు కట్టుబడి ఒక వస్తువు నడవడం గురించి ఎన్నో మంత్రాలు వల్లించాను. కళ్ళారా చూసింది మాత్రం ఆ రోజే. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. నా పక్కనున్న గనికూలీ ఎవరో చేతులు జోడించాడు.

నాలుగుసార్లు మీట నొక్కారు. పడవ పైకి వచ్చింది. గట్టు గట్టంతా అరిచింది. ఆయన మాత్రం కనుబొమలు ముడిచి, "ఏంటికో బద్ధకంగా లేస్తాంది" అని గొణిగారు. నేనది పట్టించుకోలేదు. "అసలుది చూపించవయ్యా" అని తొందరపెట్టాను. అసలుదంటే ఆయన రెండేళ్ళు కలగన్న ఘట్టం. పడవను మళ్ళీ ముంచి, జనం వైపు తిరిగి, పెద్దగా మాట్లాడటం రాని మనిషి గొంతు పెంచి అన్నారు. "ఇప్పుడు దాని పానం ఆపేస్తా. నేనేమీ చెప్పను. అయినా అదే పైకొస్తాది, సూడండి."

మీట ఐదుసార్లు పలికింది. చక్రం ఆగింది. నీటి కింది ఆ పచ్చని వెలుగు క్షణం నిలిచింది. తర్వాత తోక ముందుగా, మెల్లగా, ఎవరో కిందికి పిలిచినట్టు దిగిపోసాగింది. ఆయన నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయింది. ఐదుసార్లు నొక్కారు, మళ్ళీ ఐదుసార్లు. నిలువెడు లోతు అప్పటికే దాటింది. వెలుగు చిన్నదై, మసకై, మాయమైంది.  అప్పుడు వెనక నుంచి ఎవరో అన్నారు. "అతుకు కారిందిరోయ్!"

బావిలో పడిన బొక్కెనలు తీసే పాతాళగరిగెలు తెచ్చి నాలుగు రోజులు వెదికారు. పలకరాతి చెక్కులు తప్ప ఏమీ తగల్లేదు. ఈత తెలిసిన గనికూలీ ఒకతను మునిగి తెస్తానని తుండు బిగించాడు. సాహెబు అతని చెయ్యి పట్టుకుని వదల్లేదు. "లోపల రాతి అంచులు కత్తుల మాదిరి ఉంటాయి అబ్బీ. రేకు డబ్బా కోసం మనిషి పోవాల్నా?" అన్నారు.

ఐదో రోజు ఉదయం గోడ మీదుగా నన్ను పిలిచారు. బల్ల మీద రెండు గాజు జాడీలు. ఒకదానిలో పెరటి బావి నీళ్ళు, రెండోదానిలో గని నీళ్ళు. బిరడా బిగించిన చిన్న మందుసీసాలో విరిచిన బలపం ముక్కలు పెట్టి ఉన్నాయి. దాన్ని ఉప్పునీళ్ళలో వేశారు. తేలింది. తీసి తుడిచి గని నీళ్ళలో వేశారు. మెల్లగా, తోక ముందుగా పోయిన ఆ పడవలాగే మెల్లగా, అడుగుకు దిగింది.

"ఉప్పునీళ్ళు బరువు అయ్యవారూ. దేన్నైనా కొంచెం ఎక్కువ మోస్తాయి. వాననీళ్ళు మోయలేవు. లెక్కేసినా, పడవ మొత్తానికి ఐదు బలపాల తేడా వస్తాది. మనం ఉంచుకున్నింది మూడే గదా" అన్నారు. ఆ గొంతులో దుఃఖం లేదు. చిక్కు విడిన ఆనందం ఉంది. "ఏ నీళ్ళలో వదుల్తావో ఆ నీళ్ళలోనే తూచమని ఆ కాగితాల్లో చెప్పనే లేదు. అది రాసినాయన ఊర్లో నీళ్ళు ఒకటే రకం గామోసు!"

 ఆ తొట్టిలో మంచినీళ్ళు పోస్తుంటే ఆపించింది ఎవరు? వీధంతా వినబడేలా అరిచింది ఎవరు? "ఇప్పుడే బజారుకు పోయి చెబుతాను, తప్పు నాదని" అని లేచాను.

"కూచోండి అయ్యవారూ" అన్నారు. "నీళ్ళకు బరువు తేడా అంటే వాళ్ళు నవ్వుతారు. అతుకు కారిందంటే అర్థమైతాది. పోనీండి." నేను కూర్చున్నాను. మరీ సులభంగా కూర్చున్నాను. ఈ ఏడేళ్ళలో నన్ను పొడుస్తున్నది ఆ సులభమే.

ఊరు ఊరుకోలేదు. ఆ తర్వాత మా ఊళ్ళో నిలవని ప్రతిదానికీ దస్తగిరి అతుకు అనే పేరు స్థిరపడింది. చెదిరిన పెళ్ళి సంబంధం దస్తగిరి అతుకు. కూలిన గోడ దస్తగిరి అతుకు. సీసం అతుకే జీవనంగా బతికే మనిషికి ఇంతకన్న పెద్ద శిక్ష ఏముంది? రేడియోలు కొన్నాళ్ళు గిద్దలూరుకు పోయాయి. నా తరగతిలోనే ఒక విద్యార్థి సంధి తప్పు విడగొడితే పక్కవాడు దస్తగిరి అతుకురా అన్నాడు. అందరూ నవ్వారు. నేను బెత్తంతో బల్ల కొట్టి పాఠం కొనసాగించాను. గోడకు అవతల ఆయన రేడియో విప్పుకుంటూ ఏదో పాట కూనిరాగం తీస్తూనే ఉండేవారు.

ఆయన మళ్ళీ పడవ చేయలేదు. ఆ మందుసీసాను మాత్రం వదల్లేదు. అలాంటివి చాలా చేశారు. రేడియో బాగుచేయడానికి ఏ పల్లెకు పోయినా సంచిలో ఒక సీసా ఉండేది. బావి నీళ్ళలో వేసి, మునిగితే తాగండి, తేలితే వాడకానికి పెట్టుకోండి అని చెప్పేవారు. కొత్త బావి పడిన చోట రేడియో లేకపోయినా ఆయన్ను పిలిచేవారు. ఓటమి నుంచి పదిమందికి పనికొచ్చే వస్తువు తీసిన మనిషిని నేను మరొకరిని చూడలేదు. నేనైతే నా ఓటమి నుంచి మౌనం తప్ప ఏమీ తీయలేదు.

ఈ సంవత్సరం వానలు మొహం చాటేశాయి. ఆయన్ను మట్టిచేసిన మూడో వారానికి ఆ గని అడుగు తేలింది. మళ్ళీ పలకరాయి తీయడానికి బురద ఎత్తుతున్న కూలీలకు ఇత్తడి చెంబు ముక్కు తగిలింది. పడవను గంపలో పెట్టుకుని ఊరేగింపుగా దుకాణం ముందుకు తెచ్చారు. ఒళ్ళు పచ్చగా చిలుము పట్టింది, ఒక పక్క సొట్ట. జనం మూగారు. "యాడ కారిందో సూద్దాం" అన్నారు ఎవరో. ఖాసింబీ గుమ్మంలో నిలబడి, "అన్నా, మీరే తెరవండి" అంది.

పదహారు మరలు. ఒక్కొక్కటీ నూనె పోసి విప్పాను.  పదహారోది ఊడి, మూత లేచింది. అడుగున తోక మూలలో ఇరుసు దారం గుండా ఊరిన చెంచాడు నీరు తప్ప లోపలంతా పొడి. ఏడేళ్ళు నాలుగు నిలువుల నీటి కింద ఉన్న పడవలో దుమ్ము! వినే పెట్టె అతుకులు నిన్న అతికినట్టు మెరుస్తున్నాయి. బలపాలు వరుసగా ఉన్నాయి. మూత వెనక నా కాగితం ఉంది. దాని మీద అంతర్వాహిని అనే అక్షరాలు, సున్న కూడా చెదరకుండా, నేను రాసినవి రాసినట్టే ఉన్నాయి.

దాన్ని పైకెత్తి అందరికీ చూపించాను. అప్పుడు అక్కడే, బజారులో, మంచినీళ్ళ సంగతి, ఉప్పునీళ్ళ సంగతి, నా కేకల సంగతి, నా ఏడేళ్ళ మౌనం సంగతి మొత్తం చెప్పేశాను. జీవితంలో నేను చేసిన ఉపన్యాసాలన్నిటిలో అదొక్కటే సమాసాలు లేనిది. ఎవరూ నవ్వలేదు. కొందరు తల దించుకున్నారు.

ఖాసింబీ మాత్రం చిత్రంగా శాంతంగా ఉంది. "నాకు అప్పుడే తెల్సు అన్నా. ఆయనకు తెలిసిన దినమే చెప్పినాడు" అంది. "ఊరికి నిజం చెప్పొచ్చు గదా అని నేను పోట్లాడినా. ఆయనేమన్నాడో తెల్సునా? అయ్యవారు పిల్లోళ్ళకు పాఠం చెప్పే మనిషి, ఆయన మాట పోతే ఇస్కూలు మాటే పోతాది. నాదేముంది, యాడన్నా ఒక రేడియో పలికితే సాలు, నా మాట నిలబడ్తాది అన్నాడు. మీకు తెలియనీగూడదని నాతో ఒట్టేపించుకున్నాడు. ఇంగ ఆయన లేడు, ఒట్టు తీరిపోయింది."

ఆ రోజు నుంచి నేను సరిగా నిద్రపోలేదు. నా పరువు పోతుందేమోనని నేను నోరు మూసుకుంటే, నా పరువు పోకూడదని ఆయన తన పరువు ఒడ్డారు. ఇద్దరి మౌనమూ బయటికి ఒకేలా కనిపించింది. లోపల ఎంత దూరమో ఇప్పుడు తెలిసి ప్రయోజనమేమిటి? ఆయన చెవికి ఈ మాట అందదు. నిలువెడు లోతు దాటిపోయారు.

అయినా చెప్పవలసినవారికి చెబుతాను. నా పూర్వ విద్యార్థులారా, బజారు పెద్దలారా, గనులలో చెమటోడ్చే అన్నదమ్ములారా, దస్తగిరి అతుకు అనే మాట మీ నోట ఉండనీయండి, తీసేయవద్దు. కాని ఇకమీదట కలకాలం నిలిచే వాటికే ఆ పేరు పెట్టండి. నమ్మకం లేనివారు మా ఇంటికి రండి. చెంబును ఖాసింబీకి ఊడదీసి ఇవ్వబోతే ఆమె వద్దంది. పడవ అలాగే నా బల్ల మీద ఉంది. రోజూ ఉదయం దాని మూత ఎత్తి ఆ కాగితం చూసుకుని బడికి పోతున్నాను. సిరా ఇంకా చెదరలేదు.